గంట గోపురం మీద అన్నదమ్ముల చానల్

మా చెల్లెలు సుశీల ఫోన్ చేసినప్పుడు నేను కొలకలూరు ఆఫీసులో ఒక కస్టమరుతో గొడవ పడుతున్నాను. ఆయన రౌటరును ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, ముందు గదిలోకి నెట్ రావడం లేదని నన్ను తిడుతున్నాడు. సరిగ్గా అప్పుడే సుశీల, "అక్కా, ఒకసారి రా. మా నెట్ చచ్చిపోతోంది. ఏ బ్యాండు పెట్టుకోవాలో, ఏ డిష్షు కొనాలో నువ్వే చూసి చెప్పు" అంది. బీరువా ఆయన్ని అలాగే వదిలేసి, ఎల్లుండి వస్తానన్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కొలకలూరులోనూ, నందివెలుగు వైపు మరో రెండు ఊళ్లలోనూ చాలా ఏళ్లుగా చిన్న ఇంటర్నెట్ కంపెనీ నడుపుతున్నాను. తెనాలిలో నెట్ టోకున కొని, డాబాల మీద రేడియోలు, అంటే గాలిలో నెట్ పంపే పెట్టెలు, పెట్టి ఇళ్లకు పంచడం నా పని. సుశీల భర్త దానియేలు కూడా రేపల్లె అవతల ఒక ఊళ్లో ఇదే పని చేస్తాడు. ఆ ఊరి పేరు రాయడం లేదు, మా చెల్లెలు అక్కడ ఇంకా కాపురం చేయాలి. వాళ్ల ఊరి గుడికి, అంటే చర్చికి, ఎత్తైన గంట గోపురం ఉంది. దాని మీద రేడియోలు పెట్టి, పడమటి వైపు ఉన్న నాలుగు పల్లెలకు దానియేలు గాలిలో నెట్ పంపిస్తాడు. అటు కేబుల్ వేసి లాభం లేదు, రొయ్యల చెరువుల గట్లు తవ్వినప్పుడల్లా తెగిపోతుంది.

కొంతకాలంగా సాయంత్రమైతే ఆ నాలుగు పల్లెల్లో నెట్ పడుకుంటోంది. ఇది చూసి ఒక పెద్ద కంపెనీ వాళ్లు ఊరి సెంటర్లో గుడారం వేశారు. తమ టవరు సిగ్నల్ పట్టుకునే పెట్టె ఒకటి ఇంటింటికీ పెడతామని, ఒకటో తారీఖు నుంచి పని మొదలుపెడతామని చెప్పారు. ఆ లోపు దానియేలు నెట్ నిలబడకపోతే ఉన్న ఇళ్లన్నీ పోతాయి. ఆ ఇళ్లు పోతే సుశీల సంసారానికి వేరే ఆధారం లేదు. నేను బయలుదేరేటప్పటికి నెలాఖరు దగ్గర పడింది.

నాలాంటి చిన్న ఆపరేటర్లు సామాను కొనడానికి ఈ దారిన వెళ్లొచ్చు కాబట్టి టైములూ, ఖర్చులూ కూడా రాస్తున్నాను.

ఉదయం ఆరున్నరకు కొలకలూరు సెంటర్లో షేర్ ఆటో ఎక్కాను. తెనాలి స్టేషన్ దగ్గర దిగి, ఎదురు సందులో ఇడ్లీ తిన్నాను. కారప్పొడి బాగుంది, అల్లం చట్నీ నీళ్లు. ఒంగోలు వైపు ప్యాసింజరు ఏడున్నరకని బోర్డు మీద ఉంది, వచ్చింది ఎనిమిదికి. టికెట్టు ఇరవై రూపాయల లోపే. కిటికీ పక్కన సీటు దొరికింది.

ఎదురుగా నిడుబ్రోలులో దిగాల్సిన ఒక మాస్టారు కూర్చున్నారు. నా చేతిలో రేడియోల కాగితాలు చూసి ఏం పని చేస్తానని అడిగారు. చెప్పాను. ఆయన జాలిగా తల ఆడించి, "అంతా ఫోన్లోనే వస్తోంది కదమ్మా. మీ వ్యాపారం ఇంకెన్నాళ్లు నడుస్తుందంటారు?" అన్నారు. డాక్టరును పక్కకు పిలిచి రోగి సంగతి అడిగినట్టు అడిగారు. మీ పిల్లలు సినిమాలు చూస్తే ఫోన్ డేటా ఎంతసేపు వస్తుందండి అని నేను అడిగాను. మధ్యాహ్నానికే అయిపోతుందన్నారు. అయితే మధ్యాహ్నం తర్వాత మా వ్యాపారం నడుస్తుందన్నాను. ఆయన నవ్వారు గాని, నాకే ఆ జవాబు మీద పెద్ద నమ్మకం కలగలేదు.

నిడుబ్రోలు దాటాక రైలు పెట్టె కాస్త ఖాళీ అయింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం బ్యాండుల గురించి, అంటే రేడియో సిగ్నల్ వెళ్లే దారుల గురించి, నాలుగు మాటలు చెబుతాను. లైసెన్సు అక్కర్లేకుండా మనం వాడుకోగలిగేవి తక్కువ. రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్ సంగతి మరిచిపోండి, ప్రతి ఇంటి రౌటరూ అందులోనే అరుస్తోంది. మిగిలింది ఐదు గిగాహెర్ట్జ్. అందులో కింది భాగంలో తక్కువ పవరుకే అనుమతి, అయినా దగ్గరి ఊళ్లకు సరిపోతుంది. మధ్య భాగంలో రాడార్లకు మొదటి హక్కు, రాడార్ వినపడితే మన రేడియో నోరు మూసుకుని తప్పుకోవాలి. పై భాగంలో ఎక్కువ పవరు పెట్టుకోవచ్చు, కాబట్టి జనమంతా అక్కడే ఉంటారు. ఆరు గిగాహెర్ట్జ్‌లో ఈమధ్య కొంత వదిలారు గాని, అది ముఖ్యంగా ఇళ్ల లోపల వాడుకోవడానికి, గోపురాలెక్కించడానికి కాదు. ఇంకో సంగతి, చానల్, అంటే బ్యాండులో మనం పట్టుకునే ముక్క, ఎంత వెడల్పు పెడితే అంత స్పీడని డీలర్లు చెబుతారు. అంత వెడల్పులో పక్కవాడి రొద కూడా లోపలికి వస్తుందని మాత్రం చెప్పరు. పల్లెలకు సన్న చానలే మేలు.

బాపట్లలో దిగేటప్పటికి తొమ్మిదిన్నర దాటింది. డీలరు శేషగిరి కొట్టు పాత బస్టాండు దగ్గర ఉంది, స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లాను. మనిషి మర్యాదస్తుడే, అమ్మడంలో మాత్రం దయాదాక్షిణ్యాలు ఉండవు. కాఫీ తెప్పించి, రేపల్లె వైపు పని అనగానే లోపలి నుంచి ఇద్దరు పట్టుకుంటే గాని లేవని డిష్షు ఒకటి తెప్పించాడు. తర్వాత అరచేతిలో పట్టే తెల్ల పెట్టె తీశాడు. అరవై గిగాహెర్ట్జ్ అట, స్పీడు చూస్తే కళ్లు తిరుగుతాయట. జోరున వాన పడితే అది కళ్లు మూసుకుంటుందని నాకు తెలుసు. పైగా మన దగ్గర ఆ బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకోనివ్వలేదు. ఆ మాట అంటే, "ఎవరొచ్చి చూస్తారు మేడమ్" అన్నాడు. పెట్టె తిరిగి అతని బల్ల మీద పెట్టాను.

బేరం కుదరడం లేదని తెలిశాక శేషగిరి ఇంకో దారి పట్టాడు. "మీ మరిదిగారికి మొన్నామధ్య ముప్పై డీబీ డిష్షులు ఇచ్చాను మేడమ్. ఆ వెంటనే పెద్దాయన వచ్చి ముప్పై నాలుగు డీబీవి పట్టుకెళ్లారు. మరి ఇప్పుడు దానియేలుగారు అంతకన్నా పెద్దది పెట్టకపోతే ఎలాగండి?" అన్నాడు. డీబీ ఎంత పెరిగితే డిష్షు అంత బలమైనది. పెద్దాయన అంటే దానియేలు అన్న అబ్రహాం. అన్నదమ్ములిద్దరూ కలిసి ఈ నెట్ మొదలుపెట్టి, రెండేళ్ల కిందట విడిపోయి, ఎవరి నెట్ వాళ్లు నడుపుతున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. ఒకరికి మించి ఒకరు డిష్షులు కొంటున్నారని మాత్రం తెలియదు. ఇద్దరూ ఏ చానల్లో ఉన్నారని అడిగాను. శేషగిరి కాఫీ గ్లాసులు తీసి పక్కన పెడుతూ, అది మనం అడగాల్సిన విషయం కాదు కదా మేడమ్ అన్నాడు. ఇతనికి అంతా తెలుసని నాకు అనుమానం వచ్చింది. ఏమీ కొనకుండా లేచాను.

పక్కనే మెస్సులో భోజనం చేశాను. దోసకాయ పప్పు బాగుంది, పెరుగు అడిగితే మజ్జిగ పోశారు. రేపల్లె బస్సు ఒంటిగంటకు బయలుదేరింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. దానివల్ల బస్సులో ఆడవాళ్లం కూర్చున్నాం, మగవాళ్లు నిలబడి మమ్మల్ని చూస్తూ ప్రయాణం చేశారు.

నా పక్కన ఒకావిడ పెద్ద చీరల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చీరాల మనిషి, వాళ్ల ఇంట్లో మగ్గాలున్నాయి. మగవాళ్లు నేస్తే ఆవిడ ఊరూరా తిరిగి అమ్ముతుంది. మాటల్లో మా చెల్లెలి ఊరి పేరు వచ్చింది. నేను వాళ్ల బంధువునని ఆవిడకు తెలియదు.

"ఆ ఊరి పక్క పల్లెలా అమ్మా? చీర నచ్చుద్ది, బేరం కుదురుద్ది, ఫోన్లో డబ్బులు కొట్టేటప్పటికి గుండ్రంగా తిరుగుద్ది. అప్పిచ్చి రాలేను, చీర వెనక్కి లాక్కోలేను. వాళ్ల గుమ్మాల్లో కూర్చుని కూర్చుని ఆఖరి బస్సు పోగొట్టుకున్నానమ్మా. ఆ కంపెనీ పెట్టెలేవో తొందరగా వస్తే బాగుండు" అంది.

చెరుకుపల్లిలో బస్సు ఆగినప్పుడు ఆవిడకు టీ ఇప్పించాను. ఎందుకు ఇప్పించానో ఆవిడకు అర్థం కాలేదు. చెరుకుపల్లి దాటాక నాట్లు పడిన పొలాలు, వాటి మధ్య కాలవ, అక్కడక్కడ నీళ్లు నిలిచిన చెరువులు. రేడియో వాళ్లకు ఇంత చదునైన నేల దేవుడిచ్చిన వరం. అడ్డం వచ్చే కొండ లేదు, గుట్ట లేదు. ఇలాంటి చోట కూడా నెట్ రాలేదంటే పాపం నేలది కాదు.

రేపల్లెలో మూడు దాటాక దిగాను. బస కావాలంటే బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలున్నాయి. చెల్లెలి ఊరు వెళ్లి లాడ్జీలో దిగితే జన్మంతా మాట పడాలి కాబట్టి వాటి సంగతి నాకు తెలియదు. దానియేలు బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. నలభై దాటని మనిషి, ఒళ్లు దాచుకోకుండా పని చేస్తాడు, ఎవరికీ ఎదురు చెప్పడు. ఊళ్లోకి వెళ్లేటప్పుడు సెంటర్లో నీలం రంగు గుడారం చూశాను. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. దానియేలు తల తిప్పకుండా బండి పోనిచ్చాడు.

వాళ్ల ఇంటి ముందు గదే ఆఫీసు. సుశీల లెక్కలూ, వసూళ్లూ చూస్తుంది, నాలుగు పల్లెల్లో ఏ ఇల్లు ఎవరిదో దానియేలు కంటే ఆమెకే బాగా తెలుసు. సాయంత్రం ఏడు కాగానే ఫోన్లు మొదలయ్యాయి. సుశీల ప్రతి ఒక్కరికీ చూస్తున్నామండి, ఇప్పుడే చూస్తున్నామండి అని చెబుతూనే రొయ్యల ఇగురు వండింది. అంత రుచిగా వండిన కూరను ఫోన్ల మోత మధ్య తిన్నాం.

దానియేలు రొయ్యల చెరువుల మీద నేరం మోపాడు. సిగ్నల్ నీళ్ల మీద తగిలి చెదిరిపోతోందని, పెద్ద డిష్షు పెడితే సరిపోతుందని అన్నాడు. నీళ్ల మీద సిగ్నల్ ఎగిరి పడటం నిజమే, అది నాకూ అనుభవమే. "మరి చెరువులు పగలు ఎక్కడికీ పోవు కదయ్యా. పగలు బాగానే వస్తోందిగా" అన్నాను. అతను కంచంలో చేయి కడుక్కుని లేచిపోయాడు. సుశీల నా వైపు చూసి, మళ్లీ ఫోన్ ఎత్తింది.

పొద్దున్నే గుడికి వెళ్లాం. పంతొమ్మిదో మెట్టు ఊగుతుంది జాగ్రత్త అని దానియేలు చెప్పాడు, నేను లెక్కపెట్టకుండా అన్ని మెట్లూ జాగ్రత్తగా ఎక్కాను. పైకి వెళ్లి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోపురం పడమటి ముఖం మీద దానియేలు డిష్షులు, తూర్పు ముఖం మీద అబ్రహాం డిష్షులు. మధ్యలో గంట. రెంటికీ మధ్య మనిషి పొడవు కూడా ఎడం లేదు. లాప్‌టాప్ తెరిచి చుట్టుపక్కల ఎవరెవరు వినిపిస్తున్నారో చూశాను. ఐదు గిగాహెర్ట్జ్ అంతా ఖాళీ, ఒక్క చోట తప్ప. జనమంతా ఉండే ఆ పై భాగంలో, ఒకే చానల్లో, ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ పెట్టగలిగినంత వెడల్పు పెట్టారు, పవరు పూర్తిగా పెంచారు.

తెలియనివాళ్లకు చెబుతాను. పల్లె నుంచి వచ్చే సిగ్నల్ సన్నగా ఉంటుంది. దాన్ని వినాల్సిన వేళకు పక్కనే అన్న రేడియో గొంతు చించుకుంటే తమ్ముడి రేడియోకు ఏమీ వినపడదు, తమ్ముడిది అరిస్తే అన్నకు వినపడదు. పగలు జనం నెట్ తక్కువ వాడతారు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. సాయంత్రం ఇద్దరి కస్టమర్లూ ఒకేసారి వస్తారు. డిష్షు ఎంత పెద్దది కొన్నా ఇది పోదు.

అప్పుడు దానియేలు పంపకాల సంగతి చెప్పాడు. విడిపోయినప్పుడు సంఘం పెద్దలు కూర్చుని అన్నీ పంచారట. తూర్పు పల్లెలు అన్నకు, పడమటి పల్లెలు తమ్ముడికి. గోపురం తూర్పు ముఖం అన్నకు, పడమటి ముఖం తమ్ముడికి. బ్యాటరీలు చెరిసగం, నిచ్చెన ఉమ్మడి. ఇళ్లు, పొలాలు, గొడ్లు పంచి పంచి అలవాటైన పెద్దమనుషులు, ఒక్క పేచీ రాకుండా పంచారు. కంటికి కనపడని చానల్‌ను పంచాలని వాళ్లకు తోచలేదు. అన్నదమ్ములకు తోచింది గాని, ఇద్దరూ నోరు విప్పలేదు. మొదటిసారి ప్రార్థన చేసి నేను నెట్ ఆన్ చేసింది ఆ చానల్లోనే, అందుకని అది నాది అని అన్న అనుకున్నాడు. రాత్రీ పగలూ గోపురమెక్కి ఆ చానల్‌కు డిష్షులు తిప్పి తిప్పి కుదిర్చింది నేను, అందుకని అది నాది అని తమ్ముడు అనుకున్నాడు.

"మరి నువ్వు కింది భాగానికి మారిపోరాదా? ఉన్న సామానే చాలు. అవతలి రేడియోలు వాటంతట అవే వెతుక్కుని పట్టుకుంటాయి" అన్నాను.

"నాకు తెలుసు వదినా" అన్నాడు. అంతే, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. తెలియక చేసేవాడికి చెప్పవచ్చు, తెలిసి చేసేవాడికి ఏం చెబుతాం. దిగిన వెంటనే అబ్రహాం ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. కాఫీ ఇప్పించాడు, మా ఇంట్లో అందరి క్షేమం పేరు పేరునా అడిగాడు. నేను చానల్ మాట ఎత్తగానే పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నాకు తెలియక కాదమ్మా. మారడం అరగంట పని. కానీ నేను మారితే రేపు ఆదివారం గుళ్లో ఏమనుకుంటారు? అన్న తప్పుకున్నాడు, తప్పు అన్నదే అనుకుంటారు. వాణ్ణి మారమను. వాడు చిన్నవాడు, మారితే వాడికి పోయేదేం లేదు."

"బావగారూ, ఒకటో తారీఖు తర్వాత మీ ఇద్దరికీ కస్టమర్లే ఉండరు. అప్పుడు చానల్ ఎవరిదైతే ఏంటండి?" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

గుడి పక్క ఇంట్లో అయ్యగారు ఉన్నారు. ఆ సంఘానికి పాస్టరు, ఇద్దరికీ బాప్తిస్మం ఇచ్చిన ముసలాయన. నేను చెప్పింది అంతా విని, చానళ్లు ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా అని అడిగారు. కావలసినన్ని ఉన్నాయన్నాను. పాత చానల్ ఇద్దరిలో ఎవరికీ వద్దు, ఇద్దరూ ఒకేసారి దాన్ని వదిలేసి చెరో కొత్తదానికి వెళ్తే ఎవరూ తప్పుకున్నట్టు కాదు కదా అన్నారు. నాకు తోచని మాట ఆయనకు తోచినందుకు సంతోషించాను. అన్నదమ్ములిద్దర్నీ పిలిపించారు. ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పది గంటలకు గుడి గంట కొట్టిస్తానని, గంట వినగానే ఇద్దరూ ఎవరి ఆఫీసులో వాళ్లు చానల్ మార్చాలని అయ్యగారు చెప్పారు. సరేనండి అని ఇద్దరూ అన్నారు.

పది గంటలకు గంట మోగింది. దానియేలు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కొత్త చానల్ ఎంచి పెట్టుకున్నాడు, ఆఖరి మీట ఒక్కటే నొక్కాలి. నొక్కలేదు. అన్న చానల్ వదిలాడా లేదా అని తెర మీద చూస్తున్నాడు. నేను అబ్రహాంగారికి ఫోన్ చేశాను. ఆయనా కూర్చునే ఉన్నాడు, ఆయనా చూస్తున్నాడు. "ముందు వాణ్ణి నొక్కమనమ్మా, మరుక్షణం నేను నొక్కుతా" అన్నాడు. దానియేలు కూడా అదే మాట అన్నాడు. నాకు సిగ్గేసింది. ఇద్దరు పెళ్లయిన మగవాళ్లు, పిల్లల తండ్రులు, గుంట దాటేటప్పుడు నువ్వు ముందంటే నువ్వు ముందని నిలబడిపోయిన వాళ్లలా అక్కడే ఆగిపోయారు. చివరికి దానియేలు తెర మూసి, పల్లెలో ఏదో రిపేరుందని బండి తీసుకుని వెళ్లిపోయాడు.

సుశీల అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉంది. వచ్చి కుర్చీలో కూర్చుంది. ఏ చానలో చెప్పు అక్కా అంది. చెప్పాను. పాస్‌వర్డు ఆమెకు తెలుసు. చానల్ కిందికి మార్చి, వెడల్పు సన్నగా చేసి, పవరు తగ్గించింది. పల్లెల్లోని రేడియోలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. స్పీడు చూశాను. అంత శుభ్రంగా నడిచే లింకు నా సొంత కంపెనీలో కూడా లేదు. కాసేపటికి ఒక పల్లె నుంచి ఎవరో ఫోన్ చేసి, ఇవాళ నెట్ ఏంటండి ఇంత బాగుంది అన్నారు. సుశీల ఫోన్ పెట్టి నా చేయి పట్టుకుంది.

ఆ సంతోషం మధ్యాహ్న భోజనం దాకా కూడా నిలవలేదు. తూర్పు పల్లెల్లో కూడా నెట్ బాగుపడింది కదా, అబ్రహాంగారికి సంగతి తెలిసిపోయింది. ఆయన ఏమీ అనలేదట, అరుగు మీద కూర్చుని ఊరికే చూశాడట. అనాల్సింది ఊరే అంది. టీ కొట్టు దగ్గర ఎవరో దానియేలును ఆపి, "మంచి పని చేశావ్ రా, తమ్ముడిగా తగ్గి అన్న మాట నిలబెట్టావ్" అన్నారట. పొగిడారు పాపం. దానియేలు తిన్నగా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా లాప్‌టాప్ తెరిచి, పాత చానల్ పెట్టేశాడు. వెడల్పు మళ్లీ పూర్తిగా తెరిచాడు. నేను ఆపబోయాను.

"వదినా, మీరు పెద్దవాళ్లు. మీరు ఏం చెప్పినా వింటాను. ఈ ఒక్కటి అడగకండి" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. సుశీలను ఒక్క మాట అనలేదు. పైకి వెళ్లి మంచం మీద పడుకున్నాడు.

ఇక అక్కడ నాకు పని లేదు. తెనాలి బండి నాలుగు తర్వాత ఉంది. స్టేషన్ దాకా దింపుతానని సుశీల నాతో ఆటోలో వచ్చింది. తెనాలి బండి బయలుదేరేది రేపల్లె నుంచే కాబట్టి సీటుకు ఇబ్బంది లేదు, ముందుగా వెళ్తే కిటికీ దొరుకుతుంది. సుశీల రెండు టికెట్లు తీసుకుంది. కోపంతో నాతో మా ఇంటికి వచ్చేస్తోందనుకున్నాను. మనసులో సంతోషించానని కూడా రాస్తున్నాను.

బండి కదిలింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. బయట అంతా వరి పచ్చ. ఏ బ్యాండు మంచిదని నన్ను అడిగేవాళ్లకు ఇక్కడే జవాబు చెబుతాను. దగ్గరి ఊళ్లకు ఐదు గిగాహెర్ట్జ్ కింది భాగం, సన్న చానల్, అవసరమైనంత పవరు. బాపట్లలో సామాను దొరుకుతుంది, ధర బేరమాడండి, అరవై గిగాహెర్ట్జ్ జోలికి పోకండి. కానీ డబ్బు తీసే ముందు మీ గోపురం మీద ఇంకెవరున్నారో చూసుకోండి. వాళ్లతో మీకు మాటలు ఉన్నాయా లేవా చూసుకోండి. మాటలు లేకపోతే ఏమీ కొనకండి, ఏ సామానూ పనికిరాదు. మూడు ఊళ్లు తిరిగి, రెండు రోజులు పోగొట్టుకుని నేను తెచ్చుకున్నది ఈ చేదు ఒక్కటే.

భట్టిప్రోలు వస్తుండగా సుశీల లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఎక్కడికే అన్నాను.

"ఇక్కడ దిగుతా అక్కా. ఆ పెద్ద కంపెనీ ఆయన ఇక్కడే ఉంటాడు, రమ్మన్నాడు. పల్లెల్లో ఇళ్లు తెలిసిన మనిషి కావాలంట. జీతం ఇస్తారంట. వారం నుంచి అడుగుతుంటే ఏమీ చెప్పకుండా ఊరుకున్నా. నువ్వొచ్చి చూస్తే ఏమైనా కుదురుద్దేమోనని ఆగా."

దానియేలుకు చెప్పావా అని అడిగాను.

"లేదు. చెప్తే వద్దంటాడు. వద్దంటే మానేస్తానేమోనని భయం" అంది.

బండి ఆగింది. ఆమె దిగి, కిటికీ దగ్గరకు వచ్చి నిలబడింది. ఏ పల్లె నుంచి మొదలుపెడతావే అన్నాను, ఇంకేం అడగాలో తోచక.

"పల్లె కాదక్కా. మొదటి పెట్టె మా ఇంట్లోనే" అంది. బండి కదిలింది. ఆమె నా వైపు చూడకుండా ప్లాట్‌ఫారం చివరికి నడుచుకుంటూ వెళ్లింది.